నది ఒడ్డున 'వెనక్కి వెళదాం' అనేది ఎవరు?

ఈ మధ్య తెనాలి, బాపట్ల, రేపల్లెలకు చెందిన కొందరు యువకులు మా వద్దకు వచ్చారు. రెండు జీపులు, ఐదారు మోటారు సైకిళ్ల మీద బయలుదేరి అందరూ రేపల్లెలో కలుసుకోవాలి. పెనుమూడి వైపు కరకట్ట ఎక్కాలి. అక్కడ కృష్ణా నదిలో ఒక పాయను బండ్లతోనే దాటి, లంకలో ఇసుక తిన్నెల మీద గుడారాలు వేసుకుని ఒక రాత్రి గడపాలి. ఇదీ వారి ఆలోచన. అడిగిన మస్అలా ఒక్కటే: "హజ్రత్! దారిలో నమాజు ఖస్ర్ చేయాలా, పూర్తిగా చదవాలా?"

హనఫీ ఉలమా లెక్క ప్రకారం సుమారు 77 కిలోమీటర్ల (48 మైళ్ల) ప్రయాణ సంకల్పంతో ఊరు దాటినవారే ముసాఫిర్ అవుతారు. ఈ మూడు ఊళ్లలో ఎక్కడి నుంచి వచ్చినా ఆ లంక అంత దూరం కాదు. కనుక నమాజు పూర్తిగా చదవాలని చెప్పాము. తరువాత మేమూ ఒక ప్రశ్న అడిగాము: "మీలో అమీర్ ఎవరు?" అందరూ నవ్వారు. "ఎవరి బండికి వాళ్లే అమీర్ హజ్రత్!" అన్నారు. ఆ నవ్వే ఈ పాఠానికి కారణం.

అమీర్ ఎందుకు?

ముగ్గురు కలిసి ప్రయాణమైనా తమలో ఒకరిని అమీర్‌గా ఎన్నుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. ఈ హదీసు అబూదావూద్‌లో ఉంది. ఇది పెద్దరికం కోసం చెప్పిన మాట కాదు. నీటి ఒడ్డున పది మంది నిలబడినప్పుడు, భయం కలిగినవాడు పిరికివాడనుకుంటారేమోనని నోరు మెదపడు. ధైర్యం ఉన్నవాడు ముందుకు దూకుతాడు. మిగిలినవారు సిగ్గుకొద్దీ వెంట నడుస్తారు. అడగకుండానే ఒక నిర్ణయం జరిగిపోతుంది. దానికి బాధ్యుడు మాత్రం ఎవరూ ఉండరు.

నది తీరు తెలుసా?

ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణా నది మన ఊరి వాన చూసి పెరగదు. పైన గేట్లు ఎత్తితే ఇక్కడ ఎండ కాస్తున్నా నీరు పెరుగుతుంది. సాయంత్రం మోకాలి లోతున దాటిన పాయ తెల్లవారేసరికి తిరిగి రానివ్వకపోవచ్చు. సముద్రానికి దగ్గరయ్యే కొద్దీ ఆటుపోట్ల ప్రభావం కూడా తోడవుతుంది. ఇసుక తవ్విన గుంతలు పైకి కనిపించవు. పారే నీరు ఒక అడుగు లోతుంటే చిన్న కారును కదిలించగలదు. రెండడుగులుంటే చాలా వాహనాలను ఈడ్చుకుపోగలదు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీ వద్ద వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మన లంక గ్రామాలు ఎంత నష్టపోయాయో చూశాము. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం దగ్గర ఇదే నదిలో పడవ బోల్తాపడి ఇరవై మందికి పైగా మరణించారు. అది వరద రోజు కాదు. అనుమతి లేని పడవలో పరిమితికి మించి ఎక్కారు.

ఒక సందేహం

ఆ యువకులలో ఒకరు అడిగారు: "హజ్రత్ సఅద్ (రజి) సైన్యం గుర్రాలతో టైగ్రిస్ నదినే దాటింది కదా?" నిజమే. అయితే చరిత్రకారుడు తబరీ రాసింది పూర్తిగా చదవాలి. ముందుగా స్థానికులు రేవు చూపించారు. హజ్రత్ ఆసిం బిన్ అమ్ర్ (రజి) నాయకత్వంలో ఆరు వందల మంది ముందుకొచ్చారు. వారిలోనూ అరవై మంది మొదట నీటిలో దిగి అవతలి ఒడ్డును వశం చేసుకున్నారు. ఆ తరువాతే సైన్యం కదిలింది. తవక్కుల్ అంటే ఇది. ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) బోధ సారాంశమూ ఇదే.

వెనుదిరగడం ఓటమి కాదు

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరాక, ముందు ప్రాంతంలో ప్లేగు ఉందని తెలిసింది. సహచరులతో మష్వరా చేసి వెనుదిరగాలని నిర్ణయించారు. అల్లాహ్ విధి నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నిస్తే, ఒక విధి నుంచి అల్లాహ్ నిర్ణయించిన మరో విధి వైపే వెళుతున్నామని ఆయన జవాబిచ్చారు. ఖలీఫాయే దారి మధ్యలో వెనుదిరిగారు. ఒక రాత్రి సరదా కోసం వెళ్లేవారికి అందులో నామోషీ ఏముంది?

విధేయతకూ హద్దుంది

ప్రవక్త (స) కాలంలో ఒక దళనాయకుడు కోపంతో మంట వేయించి, అందులో దూకమని తన వారిని ఆజ్ఞాపించాడు. వారు దూకలేదు. దూకి ఉంటే ఇక బయటపడేవారే కాదనీ, విధేయత మంచి విషయాలలోనే అనీ ప్రవక్త (స) స్పష్టం చేశారు. కనుక అమీర్ 'ఆగండి' అంటే అందరూ ఆగాలి. 'దిగండి' అంటే మాత్రం భయపడినవాడిని బలవంతపెట్టే హక్కు ఆయనకు లేదు.

బయలుదేరక ముందే

1. బాగా బండి నడిపేవాడిని కాదు, 'వద్దు' అనగలిగేవాడిని అమీర్‌గా ఎన్నుకోండి.
2. బ్యారేజీ నుంచి ఎంత నీరు వదులుతున్నారో ఆ రోజే కనుక్కోండి. రేవులోని పడవవారిని, జాలర్లను అడగండి. వారు వద్దంటే అదే చివరి మాట.
3. ఏ గుర్తు వరకు నీరుంటే దాటకూడదో ఇంటి దగ్గరే నిర్ణయించుకోండి. చీకటిలో దాటవద్దు.
4. పడవ ఎక్కితే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ ఉండాలి. ఈత వచ్చినవారికీ మినహాయింపు లేదు.
5. లంక భూముల్లో రైతుల అరటి, పసుపు తోటలుంటాయి. అనుమతి లేకుండా బండ్లు తోలవద్దు. అది హుఖూఖుల్ ఇబాద్, తోటి మనుషుల హక్కు.
6. ఎక్కడ ఉంటారో, ఎప్పుడు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి.

పెనుమూడి నుంచి పులిగడ్డకు ఇప్పుడు వారధి ఉంది. ఆవలి ఒడ్డు చూడాలన్నదే కోరికైతే దాని మీదుగా హాయిగా వెళ్లవచ్చు. నీరు అనుకూలించని రోజు కరకట్ట ఇవతలే అన్నం వండుకుని, జమాఅత్‌తో నమాజు చదివి తిరిగి వచ్చినా ఆ ప్రయాణం వృథా కాదు. ప్రాణం మనకు అల్లాహ్ ఇచ్చిన అమానత్. మన కోసం గుమ్మంలో ఎదురుచూసే తల్లికీ మనపై హక్కుంది.

అల్లాహ్ మన యువకులకు ధైర్యంతో పాటు వివేకాన్నీ ప్రసాదించుగాక! ఆమీన్.