వెంట్రుకలో ఖనిజాలు, ఒంట్లో రక్తం

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. జుట్టు ఊడుతోందని వెంట్రుకల ఖనిజ పరీక్ష చేయించాం. కాల్షియం ఎక్కువ, పొటాషియం తక్కువ, కాబట్టి జీవక్రియ మందగించిందని రిపోర్టు వచ్చింది. ఆరు రకాల మాత్రలు కొనమన్నారు. వాడాలా? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: ఆ రిపోర్టును నమ్మి ఒక్క మాత్ర కూడా కొననక్కర్లేదు. చర్మం పైకి వచ్చిన వెంట్రుక కెరటిన్‌తో తయారైన నిర్జీవ పదార్థం. నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతూ, ఒంట్లోంచి వచ్చిన ఖనిజాలతో పాటు బయట అంటుకున్నవాటినీ మోస్తుంది. కఠినత్వమున్న బోరు నీళ్లతో తలంటుకుంటే వెంట్రుకలో కాల్షియం పెరుగుతుంది. చుండ్రు షాంపూలోని జింక్ పైరిథియోన్ వల్ల జింక్ ఎక్కువ కనిపిస్తుంది. తీవ్రమైన పోషకాహార లోపంలో జుట్టు పెరుగుదలే తగ్గిపోతుంది కనుక, జింక్ చాలని పిల్ల వెంట్రుకలోనూ జింక్ మామూలుగానే తేలవచ్చు.

కాల్షియం, పొటాషియం నిష్పత్తి జీవక్రియను నడిపే థైరాయిడ్ పనితీరును చెబుతుందన్న మాటకు ఆధారం లేదు. 1985లో అమెరికా వైద్యుడు స్టీఫెన్ బారెట్ ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు పదిహేడేళ్ల అమ్మాయిల వెంట్రుకలను 13 ల్యాబులకు పంపారు. ఒకే అమ్మాయి జుట్టుకు ల్యాబుకో అంకె వచ్చింది. ఒకే ల్యాబుకు పంపిన రెండు నమూనాల అంకెలూ కలవలేదు. 2001లో ఒకే మనిషి జుట్టును ఆరు ల్యాబుల్లో పరీక్షిస్తే కొన్ని ఖనిజాల్లో పది రెట్లకు మించి తేడా వచ్చింది.

ఈ వయసులో జుట్టు ఊడుతుంటే ముందు చూడాల్సింది రక్తం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. హిమోగ్లోబిన్ బాగున్నా ఐరన్ నిల్వలు అడుగంటి ఉండవచ్చు. అది ఫెరిటిన్ పరీక్షలో బయటపడుతుంది. థైరాయిడ్ అనుమానముంటే టీఎస్‌హెచ్ అనే రక్తపరీక్ష చేయించాలి. నెలసరిలో ఎక్కువ రక్తం పోయినా ఐరన్ తగ్గుతుంది. కానీ వెంట్రుకను ల్యాబుకు పంపిన ఇంట్లో, నెలసరి ఎన్ని రోజులుంటోంది, రోజుకు ఎన్ని ప్యాడ్లు మారుస్తోంది అని అడిగేవారే ఉండరు. అమ్మాయి నీరసమంటే బద్ధకమని కసురుతారు. ఇది మారి తీరాలి. రెండు మూడు నెలల కిందట జ్వరం వచ్చిందా, సన్నబడాలని పూటలు మానేసిందా అన్నదీ కనుక్కోవాలి. వాటివల్ల జుట్టు రాలడం అంత ఆలస్యంగానే మొదలవుతుంది.

బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను చెత్తబుట్టలో వేయనీయకూడదు. కడుపులో తిప్పుతుంటే అన్నం తిన్నాక వేసుకోవచ్చు. టిఫిన్‌తో పాటు టీ తాగితే తిండిలోని ఐరన్ సరిగా ఒంటబట్టదు. కనీసం గంట ఎడం ఉండాలి. తోటకూర పప్పులో నిమ్మరసం పిండితే ఐరన్ బాగా అందుతుంది.

ప్రశ్న: అయితే వెంట్రుకల పరీక్ష దేనికీ పనికిరాదా? (విద్యార్థిని, వరంగల్)

జవాబు: పాదరసం, ఆర్సెనిక్ వంటివి ఒంట్లో చేరాయన్న అనుమానమున్నప్పుడు పనికొస్తుంది.

ప్రశ్న: జుట్టు కోసం బయోటిన్ వాడుతున్న అమ్మాయికి థైరాయిడ్ పరీక్ష చేయించవచ్చా? (నల్గొండ)

జవాబు: చేయించవచ్చు, కానీ కనీసం రెండు రోజుల ముందు బయోటిన్ ఆపాలి, వాడుతున్న సంగతి డాక్టరుకు చెప్పాలి. అధిక మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికన్నా తక్కువగా చూపిస్తుంది. దాంతో జబ్బు లేని పిల్లకు థైరాయిడ్ ఎక్కువైందని పొరబడే ప్రమాదముంది.