మనుమరాలి బేతాళ ప్రశ్న



రెండేళ్ల క్రితం వేసవి సెలవులలో జరిగిన సంగతి ఇది. ఉదయం నా వద్ద కూర్చుని శ్లోకాలు వల్లించే మా మనుమరాలు, మధ్యాహ్నమంతా ఒక లావుపాటి ఆంగ్ల గ్రంథంలో మునిగి ఉండేది. అది మంత్రగాళ్ల కథ అని తెలిసి, "క్షుద్రవిద్యలు చదివే నోటితో శ్లోకాలెందుకు?" అని మందలించి, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆమె ఏడవలేదు. "మీరు చిన్నప్పుడు చదివిన బేతాళుడు దయ్యం కాదా, తాతయ్యా?" అని మాత్రం అడిగింది. నేను పలుకలేదు. మరునాడు ఆమె శ్లోకాలకు రాలేదు.

సమాధానం తెలిసీ చెప్పకపోతే తల వ్రక్కలవుతుందని బేతాళుని నియమం కదా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1947 జూలైలో, స్వాతంత్ర్యానికి ఒక నెల ముందు, నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన 'చందమామ' మా తరానికి బాల్యగురువు. కథాసరిత్సాగరంలోని బేతాళ కథలు 25 మాత్రమే. చందమామ ఆ చట్రంలోనే వందలాది కొత్త కథలు అల్లింది. శ్మశానం, శవం, దయ్యం అన్నీ అందులో ఉన్నా మా పెద్దలు వాటిని నిషేధించలేదు. భిక్షువుకిచ్చిన మాట కోసం విక్రమార్కుడు ఎన్నిసార్లయినా చెట్టు వద్దకు మరలి వెళ్తాడు. మౌనం వీడితే శ్రమ వృథా అవుతుందని తెలిసీ ధర్మనిర్ణయం పలుకుతాడు. మాట నిలుపుకోవడం, పట్టుదల, నిష్పక్షపాతమైన తీర్పు: కొత్తగా స్వతంత్రమైన దేశం తన పిల్లల నుండి ఆశించినవి ఇవే.

మరునాడే బీరువా తాళం తీశాను. "కథ నీవు చెప్పు, ప్రశ్నలు నేను అడుగుతాను" అన్నాను. ఆ విధంగా జె.కె. రౌలింగ్ రచించిన 'హ్యారీ పాటర్' కథ విన్నాను. 1997 నుండి 2007 వరకు 7 సంపుటాలుగా వెలువడిన కథ అది.

అందులో ప్రతినాయకుడు వోల్డెమార్ట్ మాంత్రిక వంశశుద్ధి గురించి గర్విస్తాడు. అతని తండ్రియేమో మంత్రం ఎరుగని సామాన్యుడు. పాఠశాలలో చదువులో మిన్నయైన హెర్మియోనీ దంతవైద్యుల కూతురు. ఇది వినగానే నాకు ఛాందోగ్యోపనిషత్తులోని సత్యకామ జాబాలుడు గుర్తుకు వచ్చాడు. గోత్రం తెలియదని నిజం చెప్పినందుకే గౌతముడు అతనిని శిష్యునిగా స్వీకరించాడు. మరణభయంతో తన ఆత్మనే ముక్కలు చేసి వస్తువులలో దాచుకున్న వోల్డెమార్ట్ కథ వింటూంటే, చావు రాకుండా వరాలు కోరిన హిరణ్యకశిపుడు కనిపించాడు. తన వారి కోసం పోరాడకుండా మృత్యువుకు ఎదురేగిన బాలుడు నచికేతుడు కాడు. జ్ఞానార్థియై వెళ్లినవాడు కాడు. అయినా ఆ ధైర్యానికి నమస్కరించాను.

ఒక భాగం మాత్రం నన్ను నొప్పించింది. దుష్టుడు తిరిగి వచ్చాడని తెలిసినా ప్రభుత్వ పెద్దలు అంగీకరించరు. ఆత్మరక్షణ విద్యను పిల్లలే రహస్యంగా నేర్చుకుంటారు. "పెద్దల మీద ఇంత అపనమ్మకమా?" అని అడిగాను. "కారణం చెప్పకుండా దాచిపెడితే నమ్మకం ఎలా వస్తుంది, తాతయ్యా?" అన్నది ఆమె. నా చూపు బీరువా మీదికి పోయింది. మా తరం కథ ఆజ్ఞను గౌరవించమన్నది. ఈ తరం కథ ఆజ్ఞకు కారణం అడుగుతున్నది. అడగడం అపరాధమైతే ఉపనిషత్తులే ఉండేవి కావు.

కనుక మీ ఇంటి పిల్లలు చదివే పుస్తకాన్ని నిషేధించే ముందు ఒక్కసారి వారి నోట వినండి. విన్న తరువాత బేతాళుని వలె ఒక ప్రశ్న వేయండి: ఎవరు చేసినది ధర్మం? ఎందుకు? ఆ చర్చలో మన పురాణకథ దానంతటదే ప్రవేశిస్తుంది.

ఆ వారంలోనే మా మనుమరాలు మళ్లీ శ్లోకాలకు వచ్చింది. ఆనాడు తాను అడిగి నేర్చుకున్నది నచికేతుని కథ.

శుభం భూయాత్.