నేను – నేనే

'నేను చేయగలను' అను మాటకును 'నేనే చేయగలను' అను మాటకును నడుమ ఒక్క అక్షరము భేదము. మొదటిది ఆత్మవిశ్వాసము, రెండవది అహంకారము. కాగితముపై ఇంత తేటగా కనబడు ఈ భేదము కార్యరంగమున అంత సులభముగా తెలియదు. పైస్థానమున కూర్చున్నవాడు గట్టిగా మాటాడినచో అహంకారి యనియు, మెల్లగా మాటాడినచో వినయశీలి యనియు తలచుట లోకమునకు అలవాటు. ఈ కొలత సరియైనది కాదు. మృదువుగా నవ్వుచు ఎవ్వరి మాటయు చెవిని పెట్టని అధికారులు కలరు. కంఠము హెచ్చించి వాదించియు, తన లెక్క తప్పని తెలిసిన మరుక్షణమున ఒప్పుకొను అధికారులును కలరు. కావున పరీక్ష స్వరమునందు లేదు. పని చెడిన దినమున 'నేను' అను పదము ఎక్కడ నిలుచునో, పని ఫలించిన దినమున అది ఎక్కడికి పోవునో చూడవలెను.

1979 ఆగస్టు 10వ తేదీ ఉదయము శ్రీహరికోటలో జరిగిన సంఘటన దీనిని చక్కగా విశదపరచును. అప్పుడు నెల్లూరు జిల్లాకును, 2022 నుండి తిరుపతి జిల్లాకును చెందిన ఆ దీవినుండి, భారతదేశము తన సొంత రాకెట్టుతో ఉపగ్రహమును కక్ష్యలో నిలుపుటకు చేసిన తొలి యత్నమది. రాకెట్టు పేరు ఎస్.ఎల్.వి.-3. ఎత్తు 22 మీటర్లు, బరువు 17 టన్నులు, దశలు నాలుగు. ప్రాజెక్టు డైరెక్టరు ఎ.పి.జె. అబ్దుల్ కలాం గారు. ఆయనకు పైన ఇస్రో అధ్యక్షులు సతీశ్ ధావన్ గారు. ప్రయోగమునకు కొలది నిమిషముల ముందు కంప్యూటరు లెక్కింపును నిలిపివేసెను. నియంత్రణ వ్యవస్థలో లోపమున్నదని దాని సూచన. కలాం గారు తన వెనుకనున్న నిపుణులను అడిగిరి. కొంత ద్రవము కారిపోవుచున్నను నిల్వ చాలినంత ఉన్నది, సాగింపవచ్చునని వారు చెప్పిరి. ఆయన కంప్యూటరును ప్రక్కకు పెట్టి ప్రయోగమునకు ఉత్తరువిచ్చిరి. మొదటి దశ చక్కగా పనిచేసెను. రెండవ దశలో అదుపు తప్పెను. ఏండ్ల తరబడి శ్రమించి నిర్మించిన రాకెట్టు బంగాళాఖాతమున పడిపోయెను. ఈ వృత్తాంతమును కలాం గారే తరువాతి కాలమున పలు ప్రసంగములలో దాపరికము లేక చెప్పియున్నారు.

పత్రికలవారు కాచుకొనియుండిరి. ప్రజాధనము సముద్రము పాలయ్యెనని అడుగుటకు వారికి హక్కు కలదు. అట్టి సమయమున నిర్ణయము చేసిన కలాం గారిని వారియెదుట నిలువబెట్టుట ధావన్ గారికి కష్టము కాదు. అది అసత్యమును కాదు. ఆయన అట్లు చేయలేదు. విలేకరుల సమావేశమును తానే నడిపిరి. వైఫల్యము సంస్థదని ఒప్పుకొనిరి. తన శాస్త్రజ్ఞులయందు తనకు పూర్ణ విశ్వాసము కలదనియు, మరుసటి యేడు వారు విజయము సాధింతురనియు చెప్పిరి. 1980 జులై 18న అదే శ్రీహరికోటనుండి ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో నిలిపెను. ఆనాడు ధావన్ గారు కలాం గారిని పిలిచి, విలేకరులతో నీవు మాటాడుమనిరి.

ఈ కథను ఔదార్యమునకు దృష్టాంతముగా చెప్పి ముగించుట వాడుక. అంతటితో ఆగిన దాని సారము సగమే దక్కును. ధావన్ గారు చూపినది ఔదార్యమే కాదు, కార్యకౌశలము కూడ. రాకెట్టు పడిపోయిన తరువాత చేయవలసిన మొదటి పని కారణము కనుగొనుట. కారణము కనుగొనవలెనన్నచో, తన భాగమున ఏమి జరిగెనో ప్రతివాడును ఉన్నదున్నట్లు చెప్పవలెను. నింద క్రిందికి జారు సంస్థలో ఎవ్వడును అట్లు చెప్పడు. ప్రతివాడును తన లెక్కల పుస్తకమును భద్రపరచుకొని పొరుగువాని పుస్తకమువైపు వ్రేలు చూపును. బయటినుండి వచ్చు నిందను పైవాడు తనపై వేసికొన్నప్పుడే లోపలివారికి నిజము చెప్పు తీరిక కలుగును. ఇక్కడ అట్లే జరిగెను. విచారణ సభలో కలాం గారు లేచి బాధ్యత తనదేయనిరి. రెండవ దశ నియంత్రణ వ్యవస్థలో ఒక కవాటము సరిగా మూసికొనక ఆమ్లము కారిపోయిన సంగతి తేలెను. ఏడాది తిరుగకమునుపే మరల ప్రయోగము జరిగెను. బయట రక్షణ, లోపల నిక్కచ్చియైన విచారణ, ఈ రెండును కలసియుండెనని గమనింపవలెను. తప్పును కప్పిపుచ్చుట వేరు, తప్పు చేసినవానికి అడ్డు నిలుచుట వేరు.

ఇక్కడ ఒక సందేహము కలుగుట సహజము. కంప్యూటరు వలదన్నను సాగించుట అహంకారము కాదా? ఆ నిర్ణయము తప్పనుటలో సంశయము లేదు. కాని తప్పిన నిర్ణయమెల్ల అహంకారము కాదు, ఒప్పైన నిర్ణయమెల్ల ఆత్మవిశ్వాసమును కాదు. ఉన్న నిపుణులను అడిగి, వారి మాట విని, చేసిన నిర్ణయమును తనదిగా ఒప్పుకొన్నవాడు పొరబడవచ్చును, మరల దిద్దుకొనగలడు.

దీనికి ప్రతిగా అమెరికాలో 1986 జనవరిలో జరిగినది చూడవచ్చును. ఛాలెంజర్ వ్యోమనౌక బయలుదేరుటకు ముందటి రాత్రి, దాని రాకెట్లను నిర్మించిన కంపెనీ ఇంజనీర్లు టెలిఫోనులో స్పష్టముగా అభ్యంతరము చెప్పిరి. రాకెట్టు భాగముల అతుకులలోని రబ్బరు వలయములు చలికి బిగుసుకొనును. 53 డిగ్రీల ఫారన్‌హీటుకంటె తక్కువ చలిలో ప్రయోగింపరాదని వారి సలహా. ప్రయోగమును కోరు పెద్దలకు ఆ మాట రుచింపలేదు. క్షేమమని నిరూపింపుడని అడుగవలసినది పోయి, అపాయమని నిరూపింపుడని అడిగినట్లయ్యెనని ఆ ఇంజనీర్లు పిదప సాక్ష్యమిచ్చిరి. కంపెనీ యాజమాన్యము తన ఇంజనీర్ల మాటను త్రోసివేసి అంగీకారము పంపెను. 28వ తేదీ ఉదయము 36 డిగ్రీల చలిలో బయలుదేరిన నౌక 73 సెకండ్లలో చెదరిపోయెను, ఏడుగురు మరణించిరి. విచారణ సంఘము కనుగొన్న విషయములలో మిక్కిలి కలవరపెట్టునది వేరొకటి కలదు. తుది అనుమతి ఇచ్చిన ఉన్నతాధికారులకు ఇంజనీర్ల అభ్యంతరము సంగతియే తెలియదు. ఆ మాట నడుమనే ఆగిపోయెను. అహంకారము ఒక్క మనుష్యుని దుర్గుణముగా మిగులదు. సంస్థలో మెట్టుమెట్టునను గోడ కట్టును.

లంకలోను ఇట్లే జరిగెను. రావణునకు తెలివి తక్కువయై కాదు; మారీచుడు చెప్పెను, విభీషణుడు చెప్పెను, వినలేదు. విభీషణుని వెడలగొట్టుటతో లంక రహస్యములన్నియు సముద్రము దాటి ఆవలి శిబిరమునకు చేరెను. భిన్నాభిప్రాయము చెప్పువానిని పంపివేసిన కచేరికి ఇంతకంటె వేరు గతి పట్టుట అరుదు.

అదే కావ్యమున హనుమంతుడు ఎట్లు మాటాడెనో చూడుడు. వానరసేన సముద్రము నెట్లు దాటునని సీత శంకించినప్పుడు, సుగ్రీవుని కొలువులో తనకు సమానులును అధికులును కలరేగాని తనకంటె తక్కువవాడు లేడనియు, గొప్పవారిని దూతలుగా పంపరు గనుక తాను వచ్చితిననియు అతడు చెప్పెను. నూరు యోజనములు దాటుట తమవలన కాదని తక్కిన వానరులలో పలువురు ఒప్పుకొన్న ఘట్టమును చదివినవారికి ఈ మాట వింతగా తోచును. కాని ఆ క్షణమున సీతకు కావలసిన ధైర్యము హనుమంతునిపై కాదు, సేనపై. తన ఘనతను తగ్గించుకొని సేన ఘనతను పెంచుట అప్పుడు ఆయన పని. పోలికలో మాత్రము తేడా కలదు: ధావన్ గారు తన స్థానమును తగ్గించుకొనలేదు, దానిని ఇతరులకు ఉపయోగపడునట్లు వాడిరి.

అహంకారమునకు భయపడి కొందరు మరియొక గోతిలో పడుదురు. నిర్ణయము చేయుటయే గర్వమని తలచి, ఫైలును బల్లపై ఉంచి, 'అందరితో ఆలోచింతము' అని నెలలు గడుపుదురు. ఇది వినయము కాదు. గీత పదునెనిమిదవ అధ్యాయమున కర్తలను మూడు విధములుగా విభజించినప్పుడు, 'నేను' అని చెప్పుకొననివానికే ధృతియు ఉత్సాహమును కలవని చెప్పబడెను. పనిని సాగదీయు దీర్ఘసూత్రిని తామసుల వరుసలో చేర్చిరి. అనగా అహంకారము పోయినవాని చేయి సడలదు, ఇంకను గట్టిపడును. తన పేరును కాపాడుకొనవలసిన బరువు లేనివానికి పనిని చూచుటకు రెండు కన్నులును మిగులును.

రాకెట్లును లంకయు అందరికిని ఉండవు. బ్యాంకు శాఖలోను, పాఠశాలలోను, ఆస్పత్రి వార్డులోను ఈ పరీక్ష చిన్న రూపములలో నిత్యము వచ్చును. శాఖలో లెక్క తప్పినదని పైకార్యాలయమునకు వ్రాయు లేఖలో మేనేజరు 'మా శాఖయందు పొరపాటు జరిగినది' అని వ్రాయునా, గుమాస్తా పేరు వ్రాయునా? ఆ శాఖకు ప్రశంస వచ్చిన సంవత్సరమున వ్రాయు లేఖలో ఎవరి పేర్లుండును? తెలియని విషయము ఎదురైనప్పుడు ప్రధానోపాధ్యాయురాలు క్రొత్తగా చేరిన ఉపాధ్యాయుని పిలిచి 'ఇది నాకు తెలియదు, చెప్పుము' అనగలదా? సమావేశమున పైవారు మొదట తమ అభిప్రాయము చెప్పినచో తక్కినవారు దానికే వంతపాడుదురు. కావున అందరికంటె చిన్నవారిని మొదట అడిగి, తాము చివర మాటాడుట మేలు. ఇది చెప్పుటకు తేలిక. అడిగిన తరువాత ఆ చిన్నవాడు తడబడుచు మాటలు వెదకుకొను ఆ కొద్ది క్షణములు, సమాధానము తనకు ముందే తెలిసినట్లు తోచుచుండగా, నోరు మెదపక కూర్చుండుట మిక్కిలి కష్టము. అతడు చెప్పబోవునది తన లెక్కలోని తప్పే కావచ్చును.