స్నేహితుల ఇంటికి గజ్జితో పోవచ్చునా?

సంక్రాంతి మూడు దినములును స్నేహితుల ఇంట గడపుదుమని ముందుగనే మాట యిచ్చియుందుము. మూటలు కట్టుకొను వేళకు పిల్లవాడు రాత్రియంతయు గోకికొనుచున్నాడని తెలియును. వ్రేళ్ళ సందులలోను, మణికట్ల వద్దను, నడుము చుట్టును చిన్న పొక్కులు కనిపించును. వైద్యునికి చూపగా గజ్జి యనును. ఇప్పుడేమి చేయవలెను?

పండుగపూట గజ్జిమాట ఎట్లు చెప్పుదుమని సంకోచించి, చెమటకాయలని సరిపెట్టి బయలుదేరువారు కలరు. మేమెరిగిన ఒక కుటుంబమువారు ఇట్లే పోయిరి. పిల్లలందరు ఒకే చాపపై, ఒకే దుప్పటి క్రింద పరుండిరి. నెల దాటిన పిమ్మట ఆతిథ్యమిచ్చిన ఇంట ముసలమ్మ మొదలు చంటిబిడ్డ వరకు అందరికిని దురద పట్టుకొన్నది. మందుతో గజ్జి పోయినది గాని, “తెలిసి కూడా చెప్పలేదు” అన్న బాధ పోలేదు. ఆ రెండిండ్ల రాకపోకలు నేటికిని అంతంత మాత్రమే.

ఈ సంకోచమునకు మూలము గజ్జి మురికివలన వచ్చునను అపోహ. అర మిల్లీమీటరు కూడ లేని పురుగొకటి చర్మమును తొలిచి గ్రుడ్లు పెట్టుటవలన ఇది కలుగును. ఇటలీ వైద్యుడు బోనోమో ఈ పురుగును గూర్చి 1687లోనే వ్రాసెను. దినమునకు రెండుమార్లు స్నానము చేయువారికిని ఇది అంటును. పలుకరించి చేయి కలిపినంతమాత్రమున సాధారణముగా అంటదు. ఒకే పక్కపై పరుండుట, బిడ్డను చాలసేపు ఎత్తుకొనుట వంటి ఒరపిడి కావలెను. కావున విందు పంక్తికన్న రాత్రి పడకయే ఎక్కువ ప్రమాదము.

మరియొక చిక్కు కలదు. మొదటిసారి అంటినవారికి నాలుగు మొదలు ఆరు వారముల వరకు దురద తెలియకపోవచ్చును. ఆ లోపల వారినుండి ఇతరులకు అంటవచ్చును. అందుచే పోబోవు ఇంటికి కబురంపిన చాలదు; గడచిన నెలన్నరలో మనతో పక్క పంచుకొన్నవారికిని చెప్పవలెను. మర్యాదలో అందరు మరచు భాగమిదియే. దీనికి పెద్ద ఉపోద్ఘాతము అక్కరలేదు. “వదినా, మా చిన్నవాడికి గజ్జి వచ్చింది, మందు రాస్తున్నాం. ఈ పండక్కి రాలేం. పోయిన నెల మీ పిల్లలు మా ఇంట్లో పడుకున్నారు కదా, ఒకసారి డాక్టరుకు చూపించండి” అనిన చాలును. ఇది ఫోనులో చెప్పదగిన మాట. పదిమంది చదువు వాట్సాపు గుంపులో పెట్టదగినది కాదు.

విన్నవారికిని మర్యాద కలదు. ఎక్కడ అంటించుకొన్నారని ఆరా తీయరాదు, ఇరుగుపొరుగున చాటరాదు. “తగ్గాక రండి, అరిసెలు దాచి ఉంచుతాం” అనిన ఎదుటివారి సిగ్గు సగము తీరును.

ప్రయాణము మానుకొననక్కరలేదు, వాయిదా చాలును. వైద్యుడిచ్చు లేపనమును, సాధారణముగా 5 శాతము పెర్మెత్రిన్‌ను, దురద లేనివారితో సహా ఇంటిల్లపాదియు ఒకే రాత్రి మెడనుండి అరికాళ్ళ వరకు రాచుకొనవలెను. పసిబిడ్డలకు, గర్భిణులకు వైద్యునడిగియే రాయవలెను. వారము పిదప రెండవ పూత వేయుదురు. మొదటి పూతకు మరునాడే పిల్లవాడు బడికి పోవచ్చును గాని, ఒకరి ఇంట రాత్రి బస చేయుట రెండవ పూత ముగిసిన పిదపనే మేలని మా అభిప్రాయము. మందు పనిచేసినను దురద రెండు మూడు వారములుండవచ్చును. ఈ సంగతి ఆతిథ్యమిచ్చువారికి ముందే చెప్పనిచో, పిల్లవాడు గోకినప్పుడెల్ల వారి గుండె గుభేలుమనును.

మందు రాచిన దినముననే బట్టలు, దుప్పట్లు వేడినీట ఉతికి ఎండవేయవలెను. ఉతుక వీలుకాని బొంతను సంచిలో బిగించి కట్టి వారము దినములు ముట్టకున్న, అందలి పురుగు చచ్చును.