తోటలో పురుగులకు ధర్మశాల

ఈ మధ్య ‘ఇన్‌సెక్ట్ హోటల్’ అను పేరుతో చిన్న చిన్న చెక్క ఇండ్లు అమ్మకమునకు వచ్చినవి. వెదురు ముక్కలు, రంధ్రములు పొడిచిన మొద్దులు, దేవదారు కాయలు, కొంచెము గడ్డి, పైన రంగు వేసిన కప్పు, ఇంతే సరకు. చిక్కబళ్ళాపురము, చింతామణి, బాగేపల్లి ప్రాంతముల మన కుటుంబములలో పెరడు గలవారు పిల్లల ముచ్చటకు వీనిని కొని తగిలించుచున్నారు. బాడుగ లేని బసకు హోటలను పేరు తగదు, ధర్మశాల అనుటయే సబబు. దీనిని ఇంటిలోనే ఎట్లు చేసుకొనవచ్చునో, చేసిన పిదప మనపై పడు భారమెంతయో తెలుపుటకు ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పురుగులకు ఇల్లు కట్టుట మనవారికి కొత్త కాదు. అలెగ్జాండర్ బర్న్స్ అను బ్రిటిష్ సైనికోద్యోగి సూరతులోని జంతువుల ఆసుపత్రిని చూచి వ్రాసిన వృత్తాంతము 1834లో లండనులో రాయల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. అక్కడ ముసలి పశువులు, పక్షులే గాక, సుమారు 25 అడుగుల పొడవు గల ఒక ఇల్లు ఉన్నదనియు, దాని పలకల నేల భూమికి 8 అడుగుల ఎత్తున ఉన్నదనియు, ఆ పలకల క్రింద ధాన్యము పోసి అందలి పురుగులను పోషించుచున్నారనియు చెప్పినాడు. ఆయన పరిహాసముగానే వ్రాసినాడు, అది వేరు మాట. గుజరాతు పాంజరాపోళ్ళలో దీనిని జీవాత్‌ఖానా అందురు. అంగడిలో ధాన్యము జల్లించగా తేలిన పురుగులను త్రొక్కి చంపక అక్కడికి పంపుట ఆచారము. జీవాత్‌ఖానాలో పురుగును మనము తెచ్చి విడిచెదము. ఇప్పటి చెక్క ఇంటికి పురుగు తనంతట తానే వచ్చి, తనంతట తానే పోవును. వచ్చువారెవరో తెలియకుండ తలుపు తీయరాదు గనుక మొదట ఆ సంగతి చూతము.

తేనెటీగ అనగానే పట్టు, రాణి, వేలకొలది పనికత్తెలు జ్ఞప్తికి వచ్చును. కాని ప్రపంచమున గల సుమారు 20,000 జాతుల తేనెటీగలలో ఎక్కువ భాగము ఒంటరిగా బ్రతుకునవే. వీనికి పట్టు లేదు, నిలువచేసిన తేనె లేదు. కాపాడుకొనుటకు పట్టు లేదు గనుక మనుష్యుల వెంటబడి కుట్టుటయు లేదు. చేతిలో నలిపిన మాత్రము కుట్టవచ్చును. మధువు వర్జించిన మన ఇండ్లలో ఈ ఈగలకు చోటిచ్చుటకు ఏ ఆక్షేపణయు ఉండనక్కరలేదు, వీని నుండి మనము తీసుకొనునది ఏమియు లేదు.

తల్లి ఈగ గొట్టము వంటి రంధ్రములో చిట్టచివరకు పోయి, పుప్పొడిని పూదేనెతో కలిపి ముద్ద చేసి, దానిపై ఒక గ్రుడ్డు పెట్టి అడ్డుగోడ కట్టును. మరల ముద్ద, మరల గ్రుడ్డు, మరల గోడ. గొట్టము నిండిన పిదప వాకిలి మూసి వెళ్ళిపోవును. పిల్లలను కండ్లజూచు భాగ్యము సాధారణముగా ఆ తల్లికి లేదు. చాల జాతులలో లోపలి గదులలో ఆడవియు, వాకిలి దగ్గర మగవియు పుట్టును. మగవి ముందుగా వెలుపలికి రావలెను గనుక ఈ ఏర్పాటు.

గులాబీ ఆకు అంచున కత్తెరతో తీసినట్లు గుండ్రని ముక్క పోయినచో అది తెగులు కాదు. ఆకుకత్తెర ఈగ తన గదికి గోడ కొరకు తీసుకొనిపోయినది. దానికి మందు కొట్టుట అన్యాయము. కంది పూతకును ఈ ఈగలు వచ్చును. మన చలికాలపు అనపకాయ తీగపై బొంయ్యిమని తిరుగు నల్లని పెద్ద తుమ్మెదను అందరు చూచియుందురు. అది వడ్రంగి తుమ్మెద. ఎండిన వెదురులోను, దూలములలోను తానే తొలుచుకొని కాపురముండును. చింతామణి మండీకి టమోట తెచ్చు రైతులు దీనికి కొంత ఋణపడియున్నారని చెప్పవచ్చును. టమోట, వంగ పూవులలో పుప్పొడి సన్నని గొట్టముల లోపల దాగియుండును. గాలికి కొంత రాలును గాని, ఈ తుమ్మెదయు, పొట్టపై నీలిచారలు గల మరియొక ఈగయు పూవును పట్టుకొని ఒడలు గజగజలాడించినచో బాగుగ రాలును. పట్టు తేనెటీగకు ఈ విద్య రాదు.

ఇక కట్టు విధానము. వడ్రంగి దగ్గర మిగిలిన టేకు తుండుగాని, బాగుగ ఎండిన తుమ్మ మొద్దుగాని 6 అంగుళముల మందమున్నది తీసుకొనవలెను. మెత్తని చెక్కలో రంధ్రపు గోడలు పీచులు లేచి ఈగల రెక్కలు చిరుగును. చెట్టు వలయములు కనబడు ముఖమున పొడిచినచో ఎండకు నెర్రెలు విచ్చును గనుక ప్రక్క ముఖముననే పొడువవలెను. లోతు 4 లేక 5 అంగుళములు. వెనుకకు బొక్క పడరాదు. వెడల్పు 4 మిల్లీమీటర్ల నుండి 10 వరకు రకరకములుగా ఉండవలెను. మన అంగడి కొలతలో చెప్పవలెనన్న, పెసరగింజ పట్టునంత మొదలు పెద్ద శనగగింజ పట్టునంత వరకు. రంధ్రమునకు రంధ్రమునకు ముప్పాతిక అంగుళము ఎడము విడిచి, అంచులను గరుకు కాగితముతో నున్నగా రుద్ది, పొట్టంతయు దులుపవలెను. వెదురైనచో ఒక ప్రక్క కణుపు మూతగా ఉండునట్లు కణుపు వెనుక కోయవలెను. రెండు ప్రక్కల తెరచిన వెదురును ఏ ఈగయు కోరదు, అంగడిలో దొరకు వానిలో ఈ లోపము తరచు కనబడుచున్నది.

అన్నిటికంటె మేలైనది పలకల పద్ధతి. చిత్రిక పట్టిన పలకలపై గాడులు తీసి, ఒకదానిపై ఒకటి పేర్చి త్రాటితో బిగించుట. శ్రమ ఎక్కువే, కాని విప్పి కడుగుటకు వీలుండును. ఆ వీలు ఎంత అవసరమో క్రింద చెప్పెదను. వార్నిషు, రంగు, చెదల మందు ఏదియు పూయరాదు. వాన తగులకుండ కప్పు 3 అంగుళములు ముందుకు రావలెను. రొమ్మెత్తున, తూర్పు లేక ఆగ్నేయము వైపు, గాలికి ఊగకుండ గట్టిగా బిగించవలెను. మన ఏప్రిల్ ఎండ మధ్యాహ్నము నేరుగా తగులరాదు. దేవదారు కాయలు, గడ్డి చూపుకే గాని ఈ ఈగలకు అక్కరకు రావు. బెల్లము నీళ్ళు పెట్టి ఈగలను పిలువబూనితిమా, చీమలే వచ్చును.

ఇప్పుడు కష్టమైన మాట. మా పెరటి మొద్దులో మొదట దిగినది తేనెటీగ కాదు, కందిరీగ. కెనడాలోని టొరంటో నగరములో సుమారు 600 ఇట్టి ఇండ్లను మూడేండ్లు పరిశీలించి 2015లో ప్రకటించిన పరిశోధనలోను, ఏటేట దాదాపు ముప్పాతిక వంతు ఇండ్లలో కందిరీగలున్నవని తేలినది. తేనెటీగ పిల్ల పుప్పొడి తినును. కందిరీగ తల్లియో, గొంగళిపురుగును గాని సాలెపురుగును గాని కుట్టి, కదలలేకుండ చేసి, తన పిల్లకు ఆహారముగా గదిలో పెట్టి మూసివేయును. భ్రమరకీట న్యాయమని పెద్దలు చెప్పునది ఈ దృశ్యమును చూచియే. పురుగు భ్రమరమును ధ్యానించి భ్రమరమైనదని వారి ఊహ. నిజమునకు వెలుపలికి వచ్చినది ఆ పురుగు కాదు, దానిని తిని పెరిగిన పిల్ల.

అట్లయిన మనము హింసకు ఇల్లు కట్టియిచ్చినట్లా? ఈ ప్రశ్న మన ఇండ్లలో పెద్దవారు అడుగక మానరు, అడుగవలసినదే. ‘తోటలో పురుగు తగ్గును గదా’ అని కొందరు జవాబు చెప్పుచున్నారు. నాకు ఆ లెక్క నచ్చదు, ఒక జీవి చావును లాభములో వ్రాసుకొనుట మన పద్ధతి కాదు. నా మట్టుకు తోచినది ఇది: కిటికీ సందులోను, తాళపు కప్ప రంధ్రములోను కందిరీగ ఎట్లును గూడు కట్టుచునే యున్నది. దాని ఆహారమును మనము కల్పించలేదు, మాన్పనూ లేము. కాని వ్రతము గట్టిగా పాటించువారికి మనసొప్పకున్నచో చెక్క ఇల్లు కట్టనక్కరలేదు. పెరట్లో ఒక మూల గచ్చు వేయక మట్టినేల విడిచి, ఎండిన వెదురు బొంగును నరకక ఉంచినను చాలును. నీలిచారల ఈగ మట్టిలోనే గూడు చేయును, చెక్క ఇంట దిగదు కూడ.

కట్టినవారు మాత్రము కట్టి మరువరాదు. అడవిలో గూళ్ళు చెల్లాచెదురుగా ఉండును, ఇక్కడ ఒకేచోట గుంపుగా ఉన్నవి. బూజు, నల్లుల వంటి సూక్ష్మపురుగులు ఒక గది నుండి మరియొక గదికి ప్రాకి పిల్లలను చంపును. పరుల గూటిలో గ్రుడ్డు పెట్టి పోవు దొంగ ఈగలకును వెదకు శ్రమ తప్పును. ఇల్లు ఎంత పెద్దదైన ఈ నష్టము అంత హెచ్చు. అందుచేత గోడంత ఇల్లు కట్టి ఫోటో తీయించుకొనుటకంటె ఇరవై ముప్పై రంధ్రముల మొద్దు ఒకటి చాలును. ఇది అమానతు సొమ్ము వంటిది. పుచ్చుకొనునది కొంచెమైనను చూచుకొనవలెను, చూచుకొనలేనివారు పుచ్చుకొనరాదు.

ఏడాదికి రెండు మార్లు, వానలకు ముందు, వానలు వెలిసిన తరువాత, చూడవలెను. వాకిలి మూసియున్న గొట్టమును ముట్టరాదు. మూతలో చిన్న రంధ్రము పడియున్నచో పిల్లలు వెళ్ళినవని గుర్తు. వెదురు ముక్కలను ఏడాదికొక తూరి మార్చవలెను. పాతవానిని పొయ్యిలో వేయుట కూడదు, లోపల ఎవరైన మిగిలియుండవచ్చును. మూతగల అట్టపెట్టెలో పెట్టి, పెట్టెకు పెన్సిలు పట్టునంత ఒక బొక్క చేసి, కొత్త ఇంటి ప్రక్కనే వాన తగులని చోట ఉంచినచో, లోపలివి వెలుతురు చూచి బయటికి వచ్చును. పెట్టె లోపల చీకటి గనుక గూడు కట్టుటకు మరల దానిలోనికి పోవుట అరుదు. ఒక ఏడాది గడచిన పిదప ఆ ముక్కలను పారవేయవచ్చును. పలకలైనచో విప్పి, వేడినీళ్ళతో కడిగి, ఎండబెట్టి మరల కట్టవలెను.

టమోట, ద్రాక్ష తోటలకు మందు కొట్టు పొలము ప్రక్కనే ఇల్లు గలవారు దీనిని తగిలించకుండుటయే మంచిది. మిగిలినవారు మొద్దుకు పది ఇరువది గజములలో ఒక తులసికోట, ఒక కంది మొక్క, పందిరికి ఒక అనప తీగ వేసినచో ఈగకు తిండి దగ్గర దొరకును. అనప విత్తనము ఆషాఢ శ్రావణములలో పెట్టినచో మొద్దులో వాకిళ్ళు తెరచుకొను చలికాలమునకు పూత సిద్ధముగా ఉండును.