ఆగిన ఎస్కలేటర్ ఎక్కితే ఎందుకు తూలుతాం?

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. ఎస్కలేటర్ ఆగిపోయి ఉంటే మామూలు మెట్లలా ఎక్కబోయాను. మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఎవరో వెనక నుంచి తోసినట్టు ముందుకు తూలాను. అది ఆగి ఉందని నాకు తెలుసు. అయినా మొన్న మళ్లీ అలాగే అయింది. మెదడులో ఏదైనా తేడా వచ్చిందేమోనని నిద్ర పట్టడం లేదు. – ఒక సోదరి, హైదరాబాద్

సమాధానం: ముందు మీరు స్థిమితపడండి. మీరు రాసినదాన్నిబట్టి ఇది జబ్బు లక్షణం కాదు. కదిలే మెట్టు మీద కాలు పెట్టేటప్పుడు వెనక్కి పడిపోకుండా ఒళ్లు కాస్త ముందుకు వాలుతుంది, అడుగు వేగం పెరుగుతుంది. ఏళ్ల తరబడి అలవాటైన సర్దుబాటు కాబట్టి మన ప్రమేయం లేకుండానే జరిగిపోతుంది. మెట్లు ఆగాయని కళ్లు చెబుతున్నా కాళ్లు పాత లెక్క ప్రకారమే అడుగేస్తాయి. దీన్ని బ్రోకెన్ ఎస్కలేటర్ ఫినామినన్ అంటారు. లండన్‌కు చెందిన రేనాల్డ్స్, బ్రాన్‌స్టైన్ అనే పరిశోధకులు దీనిపై 2003లో పరిశోధన ప్రచురించారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కదిలే బల్ల మీదికి పదేపదే నడిపించి, ‘ఇక ఇది కదలదు’ అని ముందే చెప్పి మళ్లీ నడవమన్నారు. అంత చెప్పినా తొలి అడుగులో వాళ్లూ తూలారు. తర్వాతి అడుగులకు ఆ తూలు చాలావరకు పోయింది.

అలాంటప్పుడు రైలింగ్ పట్టుకుని మొదటి అడుగు నిదానంగా వేయండి. చదునైన నేల మీద నడుస్తున్నా తూలుతుంటే, పక్క మీద ఒత్తిగిలినప్పుడు గది గిర్రున తిరిగినట్టుంటే డాక్టరుకు చూపించుకోండి. ఉన్నట్టుండి మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒక పక్క కాలూ చెయ్యీ పట్టు తప్పడం ఉంటే మాత్రం క్షణం కూడా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ప్రశ్న: నాన్నగారికి పేస్‌మేకర్ అమర్చారు. వాటంతటవే తెరుచుకునే తలుపులంటే భయపడి షాపింగ్ మాల్‌కే రావడం మానేశారు. – ఒక పాఠకుడు, గుంటూరు

సమాధానం: నాన్నగారిని నిశ్చింతగా తీసుకెళ్లండి. ఆ తలుపుల పైన ఉండే పరికరం మనిషి రాకను గుర్తించడానికి చాలా బలహీనమైన తరంగాలను వాడుతుంది, వాటితో పేస్‌మేకర్‌కు ఇబ్బంది ఉండదు. షాపుల గుమ్మం దగ్గర దొంగతనాలు పట్టడానికి పెట్టే గేట్ల విషయంలో మాత్రం కాస్త జాగ్రత్త కావాలి. మామూలు నడకతో దాటిపోవాలి, వాటికి ఆనుకుని నిలబడకూడదు. గుండె దడ, కళ్లు బైర్లు కమ్మడం లాంటివి ఉంటే అక్కడి నుంచి పక్కకు జరిగి, గుండె డాక్టరుకు చెప్పండి.

ప్రశ్న: మా అబ్బాయి షార్జాలో ఉంటాడు. అక్కడి రెయిన్ రూమ్ చూపిస్తానంటున్నాడు. వర్షంలోకి నడిచినా తడవమట! నాకు మోకాళ్ల నొప్పులు, జారిపడతానని భయం. – ఒక తల్లి, రాజమండ్రి

సమాధానం: మీ నడక నిదానం కదా, అక్కడ కావలసింది అదేనమ్మా. మనిషికి స్పందించే ఇంటరాక్టివ్ కట్టడాల్లో నాకు బాగా నచ్చినది ఇదే. రాండమ్ ఇంటర్నేషనల్ అనే బృందం 2012లో లండన్‌లో మొదట ప్రదర్శించింది. షార్జాలో 2018 నుంచి శాశ్వతంగా ఉంది. కెమెరాలు మీరున్న చోటు కనిపెడితే సరిగ్గా మీ తల మీద ధార ఆగిపోతుంది, చుట్టూ మాత్రం జోరున కురుస్తూనే ఉంటుంది. గబగబా నడిచేవాళ్లే తడుస్తారు. మొదటి అడుగు వేసే ముందు ఒళ్లు వెనక్కి తగ్గుతుంది. తడుస్తామన్న జంకే అది, ఎవరికైనా సహజమే. నల్లటి, మెరిసే బట్టలను కెమెరాలు సరిగా పట్టుకోలేకపోవచ్చు కాబట్టి లేత రంగు చీర కట్టుకోండి. జారని చెప్పులు వేసుకుని, అబ్బాయి చెయ్యి పట్టుకుని నడవండి. చీకట్లో కళ్లు తిరిగే అలవాటుంటే మాత్రం బయటే కూర్చోండి.

ప్రశ్న: ఆఫీసులో సెన్సర్ కుళాయి కింద నేను చెయ్యి పెడితే నీళ్లు రావు, మిగతావాళ్లకు వస్తాయి. నా ఒంట్లో వేడి తక్కువా? – ఒక యువకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ ఒంట్లో ఏ లోపమూ లేదు. చాలా కుళాయిలు ఒంటి వేడిని చూడవు. కంటికి కనిపించని కాంతిని పంపి, అది చేతి మీద పడి తిరిగి వస్తే నీళ్లు వదులుతాయి. చర్మం నల్లగా ఉంటే కొన్ని సెన్సర్లకు ఆ కాంతి చాలినంత తిరిగి రాదు. అన్ని రంగుల చేతులతోనూ పరీక్షించకుండా అమర్చినవాళ్లదే తప్పు. అరచేతిని సెన్సర్‌కు ఎదురుగా, దగ్గరగా పెట్టి చూడండి. అప్పటికీ రాకపోతే మొహమాటపడకుండా ఆఫీసు వాళ్లకు చెప్పి, సెన్సర్ సరిచేయించండి, లేదా పక్కనే ఒక మామూలు కుళాయి పెట్టించమని అడగండి.