ఆహారశుద్ధి పాత్రలకు తుప్పు నిరోధక స్టెయిన్‌లెస్ స్టీల్ ఎంపిక

ఉక్కులో కనీసం 10.5 శాతం క్రోమియం ఉన్నప్పుడు ఉపరితలంపై పలుచని క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడి తుప్పును నిరోధిస్తుంది. గీత పడినా గాలిలోని ఆక్సిజన్‌తో ఈ పొర తిరిగి ఏర్పడుతుంది. కాయిల్ రూపంలో లభించే ఈ ఉక్కు రేకును కోసి, వంచి, వెల్డింగ్ చేసి పాల ట్యాంకులు, ఆహారశుద్ధి యంత్రాలు తయారు చేస్తారు. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ గల 304 రకం పాలకు అనువైనది. అయితే ఉప్పులోని క్లోరైడ్లు రక్షక పొరను అక్కడక్కడ ఛేదించి, సన్నని గుంటలు ఏర్పరుస్తాయి. కావున ఊరగాయలు, ఉప్పునీరు నిల్వచేసే పాత్రలకు 2-3 శాతం మాలిబ్డినం గల 316 రకం మేలు. ఏ రకమైనా బ్లీచింగ్ ద్రావణంతో శుభ్రపరచిన పిదప మంచినీటితో బాగా కడగాలి. ఈ రెండు రకాలు చూపుకు ఒకేలా ఉంటాయి, అయస్కాంతంతోనూ వేరుచేయలేము. అందువలన కొనుగోలు సమయంలోనే మిల్లు పరీక్ష ధ్రువపత్రంలో మాలిబ్డినం శాతాన్ని సరిచూడాలి.